రోజా పువ్వు ఇచ్చిన ఒక్క స్టారు

ఆ రోజుల్లో ఇంజనీరింగు చదివే కుర్రాడంటే ఇంటర్నెట్టు మొత్తం వాడి జేబులోనే ఉంటుందని మావాళ్ళ నమ్మకం. (నా జేబులో రెండు సబ్జెక్టులు తప్పిన మార్కుల కాగితం ఉండేది.) అందుకే మా బాబాయి భీమవరంలో భోజనాల మెస్సు పెడుతూ, దాన్ని ఫోను మ్యాపులోకి ఎక్కించే పని నాకు అప్పజెప్పాడు. ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం చుట్టాలను పిలిచి, తన చేత్తో వండి రుచి చూపించాడు. సాంబారులో ఇంగువ ఎంత పడిందంటే, వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. అయినా వడ్డించేవాడు ఎదురుగా ఉండగా వంక పెట్టడం మా వైపు మర్యాద కాదు. "అమృతమండీ!", "ఇంకో గరిటె వెయ్యండి!" అంటూ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మరీ తిన్నారు. బాబాయి పొంగిపోయాడు.

సాయంత్రానికి మ్యాపులో ఒక రివ్యూ పడింది. పేరు లేదు, రోజా పువ్వు బొమ్మ, ఒకే ఒక్క స్టారు. "ఏమీ అనుకోకండి. సాంబారులో ఇంగువ బాగా ఎక్కువైంది. ఇలాగైతే జనం రారు." ఇంకా తెరవని మెస్సులో తిన్నదెవరు? మా చుట్టాలే. బాబాయి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఎవరో కనిపెట్టరా! ఈ జన్మలో వాళ్ళ గడప తొక్కను!" నాకు ఆ విద్య రాదని చెప్పడానికి పరువు అడ్డొచ్చి, గుమ్మంలోంచి పిన్ని కూడా చూస్తుండగా ల్యాప్‌టాప్ తెరిచి ముఖం గంభీరంగా పెట్టాను.

బాబాయి అలా పెరట్లోకి వెళ్ళగానే పిన్ని కాఫీ తెచ్చి, కొంగు నలుపుతూ మెల్లిగా అడిగింది. "ఒరే నాన్నా, పువ్వు బొమ్మ పెట్టుకున్నా తెలిసిపోతుందంటావా?" నాకు పొలమారింది. నిజం చెబితే బాబాయి తొక్కకూడని గడప ఆయన సొంతింటిదే! ఆయన తిరిగి రాగానే, "ఎవడో అమెరికా ఆకతాయి బాబాయ్, దొరకడు" అనేశాను. (అమెరికావాడు భీమవరంలో సాంబారు ఎప్పుడు తిన్నాడని ఆయన అడగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.) ఆయన "పోనీలే" అని వంటగదిలోకి వెళ్ళి, ఇంగువ డబ్బా పై అరలో పెట్టేశాడు.

మెస్సు బాగా నడిచింది. ఒక కాపురం నిలబెట్టానని చాలా ఏళ్ళు నాలో నేనే మీసం మెలేశాను. మొన్న వాళ్ళింట్లో భోజనం చేస్తుంటే, పిన్ని పెరుగు కోసం లోపలికి వెళ్ళినప్పుడు బాబాయి గొంతు తగ్గించాడు.

"నువ్వా రోజు ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు మీ పిన్ని మొహం చూశానురా. తెలిసిపోయింది. పాపం, మొగుడితో చెప్పలేక లోకానికి చెప్పుకుంది. నేనా, అప్పటికే నోరు జారాను. నువ్వెక్కడ దాని పేరు బయటపెడతావోనని భయపడి చచ్చాననుకో!"

అంత గంభీరంగా ముఖం పెట్టుకుని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో బాబాయి మనసు తెలియక, కాపురం నిలబెట్టింది తనేనని నమ్మినవాడు వాడొక్కడే.