పశువుల కొవ్వు చవకైన రోజు

సబ్బుల్లో వాడే పశువుల కొవ్వు విదేశీ మార్కెట్లలో ఏ ధర పలుకుతోందో, ముందు ముందు పెరుగుతుందో తగ్గుతుందో అంచనా వేసి చెప్పడం గురుగ్రామ్‌లో నా ఉద్యోగం. మొన్న వేసవిలో మయూర్ విహార్‌లోని ఇంటికి మెట్రోలో వస్తుంటే, విదేశంలో సబ్బుల ఫ్యాక్టరీ నడిపే విజయవాడ ఆయన ఫోన్ చేశారు. ఢిల్లీలో తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధీమాతో బోగీ అంతా వినపడేలా మాట్లాడాను.

“ఇప్పుడే కొనకండి సార్! అక్కడ వానల్లేవు, గడ్డి లేదు. రైతులు పశువుల్ని కబేళాలకు తోలేస్తున్నారు, ధర ఇంకా పడిపోతుంది. ఈ కరువు ఇంకో రెండు నెలలుంటే మన పంట పండినట్టే!” అంటూ పెద్దగా నవ్వాను.

ఫోన్ పెట్టేయగానే, పక్కన కోడలితో కూర్చున్న పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది. ముఖం పాలిపోయి ఉంది.

“యాడ నాయనా కరువు? మా అనంతపురం పక్కనా?”

“కాదమ్మా, మన దేశం కాదు. ఎక్కడో సముద్రాల అవతల.”

“బతికిస్తివి. మిలిటరీలో ఉండే కొడుకును చూడను ఢిల్లీకొస్తి. ఇంటికాడ ఎద్దులుండాయి,” అని ఊపిరి పీల్చుకుంది.

గండం గడిచిందనుకున్నాను. మళ్ళీ ఆవిడే, “పాపం, ఆ రైతులు ఎంత ఏడ్చి అమ్ముకుంటాండారో. వాళ్లకు తొందరగా వానలు పడితే బాగుంటాది, కదా నాయనా?” అంది.

వానలు పడితే నా అంచనా తప్పుతుంది. ఆ మాట చెప్పలేక, “అవునమ్మా” అని తల ఊపి, నా స్టేషన్ రాకముందే దిగిపోయాను.

ఉద్యోగం మానలేదు. ధర తగ్గిందని ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాను. నవ్వుతూ చెప్పడం మాత్రం చేతకావడం లేదు.