తువ్వాల వేసిన సీటు

మా రాజనీతిశాస్త్రం సారు పోయారని ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది. నేను ఏడుస్తుంటే అమ్మ గడపలో నిలబడి అంది: "ఇంటి చీనీ తోట ఎండిపోతాంటే రాని కన్నీళ్లు, యాడి సారుకో వచ్చినాయే!" ఈమధ్య ఇంట్లో నాకు రాతిగుండె అని పేరు.

సారుది పులివెందుల. నేను ప్రొద్దుటూరులో ఆయన దగ్గర డిగ్రీ చదివినన్నాళ్లూ శనివారం సాయంత్రం ఇంటికి ఇద్దరిదీ ఒకే బస్సు. ఆయన చొక్కా జేబుకు ఎప్పుడూ సుద్దపొడి, చేతిసంచిలో మనవరాలికి బొరుగులు. క్లాసులో "హక్కు ముందా, మేలు ముందా?" అని అడిగి, జవాబు చెప్పకుండా మా ముఖాలు చూస్తూ నిలబడేవారు. మాకు చిరాకు.

ఒక శనివారం బస్సు కిక్కిరిసింది. ఎవరో కిటికీలోంచి ముందు సీటులో తువ్వాల వేసి టీకి పోయారు. పక్కనే ఒక ముసలమ్మ నిలబడలేక నిలబడింది. నేను నా సీటులోంచే వంగి ఆ తువ్వాల తీసేసి, "కూచో అవ్వా" అన్నాను. చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకున్నారు. వెనక నుంచి సారు గొంతు:

"మంచి పనే పాపా. ఎవరి సీటుతో చేస్తాండావు?"

"ముసలామె సార్, పడిపోతాది!"

"అయితే నీది ఇయ్యి. లేదంటే ఆయప్పను అడుగు. గట్టిగా అడుగు, ఇయ్యకుంటే తిట్టు. అడక్కుండా మాత్రం తీయాకు."

అంటూనే లేచి, తువ్వాల మళ్లీ ఆ సీటులో వేసి, అవ్వను తన సీటులో కూర్చోబెట్టి, పులివెందుల దాకా నిలబడే వచ్చారు. తువ్వాల మనిషి వచ్చి, ఇదేమీ తెలియక, హాయిగా నిద్రపోయాడు. ఆ రోజు సారు మీద నాకు ఒళ్లు మండింది.

మా చీనీ, అదే బత్తాయి, తోటకూ మా చిన్నమ్మ తోటకూ ఒకే బోరు. తాత వేయించింది. రోజు మార్చి రోజు వంతు. చిన్నాయన పోయాక ఆమె ఒక్కతే తోట చూసుకుంటోంది. ఈ ఎండాకాలం నీళ్లు సన్నబడ్డాయి.

"ఆయమ్మ వంతు కూడా మనకే పారితే ఒక తోటన్నా బతుకుతాది. కాయలొస్తే ఆమెకూ ఇస్తాం గదా," అన్నాడు నాయన.

"చిన్నమ్మను అడిగినావా నాయనా?"

"అడిగితే ఇయ్యదు గదే!"

నాయన మాటలో అబద్ధం లేదు. వంతు ప్రకారం పారిస్తే రెండు తోటలూ పోవచ్చు. మా చెట్లకు పాదులు తీసినదాన్ని, నాకు తెలియదా?

పోయిన నెల సారుకు ఫోను చేసి అడిగాను. "చిన్నమ్మ వంతు ఆమెకే వదిలేస్తే మా తోట పోతుందేమో సార్?" "పోవచ్చు పాపా," అన్నారు. ధైర్యం చెప్పలేదు. అందుకే ఆయన మాట నమ్మాను.

రేపు చిన్నమ్మ వంతు. నీళ్లు మా తోటకు తిప్పమని నాయన మోటారు గది తాళంచెవి నా చేతిలో పెట్టి ఊరికి పోయాడు. పొద్దున్నే దాన్ని చిన్నమ్మకు ఇస్తాను.