చెప్పగూడదన్న మాట

మా ఇంటాయనకు ఒక మాట ఉండేది. "చెప్పగూడదు." తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పట్టాళంలో ఏం పని చేసినావయ్యా అని ఎవరడిగినా అదే జవాబు.

కర్నూలు రాజధానైన ఏడు, కరెంటాఫీసులో మీటర్లు సరిచూసే పనికి మనిషి కావాలంటే, కోడుమూరు నుంచి నేనే ఆయన్ను వెంటబెట్టుకొని పోయాను.

"మిలిట్రీలో ఏం చేస్తాంటివప్పా?" అన్నాడు ఆఫీసరు.

ఈయన కాళ్లు దగ్గరికి చేర్చి, "చెప్పగూడదు సార్" అన్నాడు.

"అయితే గేటు కాడ నిలబడు. దానికి నోరక్కరలేదు."

"చెప్పి సావయ్యా" అని కిటికీ బయట నుంచి అరిచాను. చెప్పలేదు. చచ్చేదాకా ఆ గేటు దగ్గరే కర్ర పట్టుకొని నిలబడ్డాడు.

ఆయన పోయిన పదకొండో రోజు, దివసాల నాడు, ఆయనతో పట్టాళంలో పనిచేసిన మనిషి కడప నుంచి వచ్చాడు.

"ఫిరంగులకు గురి చూసే అద్దాలు సరిచేస్తాంటిమక్కా. ఆ పని చెప్పుకొనే నేను కడపలో మీటర్ల ఉద్యోగం తెచ్చుకున్నా."

"చెప్పగూడదు గదప్పా?"

"అది యుద్ధమప్పటి మాట. అయిపోయినంక ఎవరడుగుతారు?"

"ఆ ముక్క మా ఆయనకు ఎవరన్నా చెప్పినారా?"

"మాకూ ఎవరూ చెప్పలేదక్కా. మేమే అనుకున్నాం."

నేను లేచి, ఆయన పటం ముందర కూడు విసురుగా పెట్టాను.

"యుద్ధం అయిపోయిందంటయ్యా. ఇంక చెప్పు" అన్నాను.