గుండోళ్ల టిప్పు

మా నాయన పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా వచ్చింది. ఫోనులో అమ్మ ఏడవలేదు. "పొద్దున కాఫీ తాగినాడు, గ్లాసు కడిగి బోర్లించినాడు, మంచం మీద ఒరిగినాడు పాపా. లేపితే లేయలే" అని మాత్రం చెప్పింది. వడమాలపేట నుంచి తిరుపతికి బస్సులో కూర్చున్నంత సేపూ నాకు ఆ గ్లాసే కళ్లలో మెదిలింది. పోయేముందు కూడా ఎవరికీ పని మిగల్చకుండా పోయాడే అని కోపం వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆయన తిరుపతిలో ఒక టిఫిన్ హోటల్లో సర్వరు. పెళ్లికి ముందు చేరినవాడు, మోకాళ్లు ఇక కుదరదనేదాకా అక్కడే పనిచేశాడు. సర్వరు గురించి రాయడానికి ఏముంటుంది అనుకునేవాళ్లు ఇక్కడే పేజీ తిప్పేసుకోవచ్చు, నాకేం బాధ లేదు. ఆయన తెచ్చిన టిప్పులతోనే నేను చదువుకున్నాను. బీఎడ్ ఫీజు కట్టిన రోజు క్లర్కు ఆ చిల్లర నోట్లు చూసి మొహం చిట్లించాడు. నేను కూడా గట్టిగానే చిట్లించాను.

హోటల్లో పనిచేసేవాడికి జీతం పేరుకే. ఇల్లు నడిచేది టిప్పు మీద. అలాంటిది మా నాయన ఒక నియమం పెట్టుకున్నాడు. గుండుతో వచ్చిన వాళ్ల దగ్గర టిప్పు తీసుకోడు. తిరుపతిలో హోటలంటే మీకు తెలియనిదేముంది, మూడు బల్లలకు ఒక బల్ల గుండ్లే. కొండ మీద తలనీలాలు ఇచ్చి, దర్శనం చేసుకొని, కిందికి దిగి, బస్సెక్కేముందు ఇంత తినిపోదామని వస్తారు. తాత గుండు, మనవడి గుండు, అవ్వ గుండు, అందరి తలల మీదా పసుపచ్చగా గంధం. వాళ్లు పెట్టిన టిప్పును ఈయన తీసుకెళ్లి వాకిలి దగ్గర మళ్లీ వాళ్ల చేతిలోనే పెట్టేవాడు. పైగా "వద్దు" అనేవాడు కాదు, "సామీ, ఇది మర్చిపోయినారు" అనేవాడు. వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారట.

"పిచ్చా నాయనా నీకు?" అని నేను చాలాసార్లు అడిగాను. "వాళ్లల్లో కార్లలో వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు! నీకన్నా లక్ష రెట్లు ఉన్నవాళ్లు."

"ఉంటే ఉండనీ పాపా. గుండు చూస్తే నాకు కారు కనపడదు. తల మీది ఎంటికలు కూడా ఉంచుకోకుండా సామికి ఇచ్చేసి వస్తా ఉండారు. వాళ్ల కాడ మనం ఇంగేం తీసుకుంటాం?"

అంతే. దాని మీద ఇంకో మాట ఉండదు. దేవుడి గురించి ఉపన్యాసాలు ఆయనకు చేతకాదు. కొండకు కూడా పెద్దగా పోయేవాడు కాదు. "సామి కాడికి పోయొచ్చినోళ్లంతా నా కాడికే వస్తా ఉంటే, నేనేంటికి పోవాల?" అనేవాడు.

ఒకసారి ఈ నియమం తన్నులదాకా తెచ్చింది. ఒక పెద్దమనిషి, కోస్తా వైపు ఆయన, కుటుంబమంతా గుండ్లు. మా నాయన ఎప్పటిలాగే నోటు పట్టుకొని వాకిలి దాకా పోయాడు. ఆ పెద్దమనిషికి మండిపోయింది. "ఏంటయ్యా, తక్కువైందని మొహాన కొడుతున్నావా?" అని చొక్కా పట్టుకున్నాడట. "అయ్యో, ఎంత మాట సామీ! మీరు తలనీలాలిచ్చి వస్తా ఉండారు. ఇంగ మాకేమీ ఇయ్యబన్లే" అని మా నాయన రెండు చేతులూ జోడించాడు. ఆ పెద్దమనిషి చొక్కా వదిలేసి, ఆ నోటు కళ్లకద్దుకొని జేబులో పెట్టుకున్నాడట. ఇంటికొచ్చి ఇదంతా చెప్పి మా నాయన ఒకటే నవ్వు. చొక్కా గుండీలు కుడుతూ అమ్మ మాత్రం నవ్వలేదు. "నీ పుణ్యం బాగనే ఉండాది, గుండీలు ఎవురిస్తారు?" అంది.

టిప్పు విషయంలో మాకూ పాఠాలుండేవి. నాకు ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో ఇంటిల్లిపాదినీ పెద్ద రెస్టారెంటుకు తీసుకెళ్లాను. ఆయన్ను కూర్చోబెట్టడమే ఒక ప్రహసనం. పక్క బల్ల మీద నీళ్లు అయిపోతే ఈయన లేస్తాడు. ఎవరో సాంబారు అడిగితే ఈయన మెడ తిప్పుతాడు. "నాయనా, ఈరోజు నువ్వు కస్టమరువి" అని తమ్ముడు ఆయన చొక్కా అంచు పట్టుకు కూర్చున్నాడు. చివర్లో నేను బిల్లు పెట్టిన తోలు అట్టలో సోంపు పక్కన టిప్పు పెట్టి లేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "అట్ల పెట్టి పోబాకమ్మా. ఎంగిలి ప్లేటు పక్కన పారేసినట్టుంటాది. పిలిచి, మొగం చూసి, చేతికియ్యి. ఇచ్చేటప్పుడు రొవంత నవ్వు. దుడ్లు కర్చయిపోతాయి, నవ్వినోళ్లు గుర్తుంటారు." అప్పటినుంచి నేను ఎక్కడ తిన్నా చేతికే ఇస్తాను. నవ్వడం మాత్రం నా మూడును బట్టి ఉంటుంది, ఆయనంత మంచిదాన్ని కాను.

తర్వాత వాళ్ల హోటలు మారింది. పాత ఓనరు కొడుకు చేతికొచ్చింది. ఏసీ పెట్టారు, బల్లలు మార్చారు, కొత్త మేనేజరు వచ్చాడు, బిల్లు కంప్యూటరులో కొట్టడం మొదలుపెట్టారు. దానితో పాటు బిల్లు కింద ఒక లైను కొత్తగా చేరింది, సర్వీసు చార్జీ అని. తిన్నదాని మీద ఇంత శాతమని అదే పడిపోతుంది. వద్దన్నవాళ్లకు తీసేయాలి, కానీ వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? ఆ డబ్బంతా ఒకచోట చేర్చి నెలాఖరుకు పనివాళ్లందరికీ పంచుతారు. మిగిలిన సర్వర్లు సంతోషపడ్డారు. మా నాయనకు మాత్రం నిద్ర పట్టలేదు. కారణం మీరు ఊహించే ఉంటారు. ఇప్పుడు గుండ్ల దగ్గర కూడా ఆయనకు తెలియకుండానే ఆయన టిప్పు వసూలవుతోంది. తిరిగిద్దామంటే చేతికి రానిది ఎలా తిరిగిస్తాడు?

"నా చెయ్యి నేను చాపకుండానే ఎవురో నా చెయ్యి పట్టుకొని చాపినట్టుండాది" అన్నాడు ఒకరోజు అన్నం ముందు కూర్చొని.

ఊరుకోలేదు. గుండుతో వచ్చిన వాళ్లకు బిల్లు ఇచ్చేటప్పుడు చెవిలో చెప్పడం మొదలుపెట్టాడు. "సామీ, ఈ కింది చార్జీ మీరు ఇయ్యబన్లే. కౌంటర్లో వద్దని చెప్పండి, తీసేస్తారు." వాళ్లు చెప్పడం, మేనేజరు పళ్లు కొరుకుతూ బిల్లు మార్చడం. కొన్నాళ్లు అలా నడిచింది. మా నాయన మొహంలో వెలుగు మళ్లీ వచ్చింది.

ఆ వెలుగును ఆర్పింది మేనేజరు కాదు, వెనకాల అంట్లు తోమే అక్క. నెలాఖరుకు తన వాటా తగ్గేసరికి ఆమె కొంగు నడుముకు దోపి ఈయన్ను నిలదీసింది.

"ఏమన్నా, నువ్వు పుణ్యం చేసుకుంటే చేసుకో, నా పాలు తీసి చేసేదేం పుణ్యం? ఇన్నేండ్లు నీకు చేతికిచ్చినోళ్లల్లో ఒక్కరన్నా వెనకాలకొచ్చి, అమ్మా, ప్లేటు బాగా కడిగినావు అని నాకొక రూపాయిచ్చినారా? ఈ చార్జీ వచ్చినాకనే గదా టిప్పంటే ఏందో నేను చూసింది."

మా నాయన ఆ రోజు ఇంటికొచ్చి తినకుండా కూర్చున్నాడు. అమ్మ పిలిస్తే కంచం పక్కకు జరిపాడు. చివరికి, "ఆ యమ్మ చెప్పింది నిజిమే. ఇన్నేండ్లు ఆమె కడిగిన ప్లేట్లల్లో పెట్టి నేను టిప్పులు తీసుకున్నా. ఒక్కనాడు కూడా నాకు తట్టల్యా" అన్నాడు. మా నాయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు.

నేనైతే అక్కడితో వదిలేసేదాన్ని. "అందరికీ మంచే కదా, చార్జీ పడనీ" అనేదాన్ని. అన్నాను కూడా. ఆయన వినలేదు. గుండ్ల దగ్గర తీసుకోనూ కూడదు, ఆమె నోటి ముందరిది లాగనూ కూడదు. చివరకు మార్గం ఆయనే పట్టాడు. గుండు లేనివాళ్లు తనకు విడిగా చేతికిచ్చే టిప్పులో నుంచి ప్రతిరోజూ వెనకాలకు పోయి, ఆమెకూ వంటవాళ్లకూ తగ్గినదాన్ని ఇచ్చేసేవాడు. అంటే, ఊళ్లోవాళ్ల గుండ్లకు పన్ను మా ఇంట్లో కట్టుకుంటున్నామన్నమాట! అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. తమ్ముడు అప్పుడు డిప్లొమా చదువుతున్నాడు. వాడి చెప్పులు తెగిపోయి ఉన్నాయి.

ఇక మేనేజరు. బిల్లులు మార్చి మార్చి విసిగిపోయి ఒకరోజు తేల్చి చెప్పేశాడు. "పెద్దాయనా, నీకు పని కావాలో గుండు కావాలో తేల్చుకో. ఇంకొక బిల్లు వెనక్కి వచ్చిందంటే నువ్వు ఇంటికే." ఆ వయసులో ఇంకో హోటలు చేర్చుకోదు. ఆ సంగతి మాకు తెలుసు, ఆయనకు మాకన్నా బాగా తెలుసు. మర్నాడు పనికి పోతుంటే అమ్మ వాకిట్లో నిలబడి దణ్ణం పెట్టింది. "నీ కొడుకు చదువు అయ్యేదాకన్నా నోరు మూసుకో. నీ కాళ్లు పట్టుకుంటా." ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

సాయంత్రం ఎప్పటిలాగే వచ్చాడు. "ఏమయింది?" అని అడిగితే, "ఏమీ కాలే. మేనేజరు మంచోడు, ఒప్పుకున్నాడు" అన్నాడు. మేం నమ్మాం.

అసలు జరిగింది మొన్న ఆయన దినానికి వచ్చినప్పుడు అంట్లు తోమే అక్క చెప్పింది. ఆ రోజు ఆయన బల్ల దగ్గరికి గుండ్లతో ఒక ముసలి జంట వచ్చిందట. మేనేజరు కౌంటరు వదిలి దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. మా నాయన బిల్లు రెండుసార్లు బల్ల మీద పెట్టి, రెండుసార్లూ మళ్లీ తీసుకున్నాడట. తర్వాత గట్టిగా, అందరికీ వినపడేలా, "సామీ, ఈ చార్జీ మీరు ఇయ్యబన్లే" అన్నాడట. మేనేజరు ఆయన భుజం మీది తుండు లాగేశాడు. అప్పుడు ఈమె వెనక నుంచి సోపు చేతులతోనే ఏసీ హాల్లోకి వచ్చేసింది.

"నాకు ఆ హాల్లో అడుగుపెట్టే పనే లేదమ్మా, అదే మొదలు" అంది నాతో. "ఆ సారు కాడికి పోయి, మా పాలు మా చేతికి వస్తా ఉండాది సార్, ఆయన జేబీలో నుంచి ఇస్తా ఉండాడు. ఆయనది ఆయన వదులుకుంటే మీకేం పోయింది? ఆయన్ను పంపిస్తే నేనూ పోతా, రేపు మీ ప్లేట్లు మీరే కడుక్కోండి అన్నా. వంటోళ్లు కూడా గరిటెలు కింద పెట్టినారు. అందరి ముందర ఆ సారు ఏం జేస్తాడు? గుండోళ్లకు తీసేస్తాం లే, పోండి అన్నాడు."

ఇంత జరిగితే మా నాయన ఇంట్లో చెప్పింది, మేనేజరు మంచోడు అని! అమ్మ వింటూ వింటూ కొంగు నోట్లో కుక్కుకుంది. "మిమ్మల్ని భయపెట్టడం ఏంటికనుకున్నాడు లేమ్మా" అంటూ ఆ అక్క అమ్మ వీపు నిమిరింది. ఆయనకు ఆ రోజు అంత భయం వేసిందని, అంత భయంలోనూ ఆ మాట అన్నాడని తెలిశాక నాకు మా నాయన మీద ఉన్న ప్రేమ ఇంతా అంతా కాకుండా పోయింది. బతికుండగా తెలిసి ఉంటే బాగా తిట్టి, గట్టిగా పట్టుకొని ఏడ్చి ఉండేదాన్ని.

కర్మలన్నీ అయ్యాక తమ్ముడు ఉద్యోగానికి బయలుదేరాడు. వాడు సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో చేస్తాడు. వాడొక్కడే పోతుంటే మనసొప్పక నేనూ తోడు వెళ్లాను. తలకొరివి పెట్టిన కొడుకు కదా, గుండు చేయించుకొని ఉన్నాడు. స్టేషన్లో దిగి, మేం ఎన్నడూ పోని ఒక హోటల్లో కూర్చొని చెరో దోసె తిన్నాం. సర్వరు పాతికేళ్లలోపు కుర్రవాడు, మా ఎవరికీ తెలియనివాడు. బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టబోయి, తమ్ముడి తల చూసి ఆగాడు. బిల్లు వెనక్కి తీసుకుపోయి, కౌంటర్లో ఏదో చెప్పి, ఇంకొకటి తెచ్చాడు. అందులో చార్జీ లేదు.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. వాడు లేచి ఒక నోటు తీసి ఆ కుర్రవాడి చేతిలో పెట్టబోయాడు. కుర్రవాడు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు సార్. గుండోళ్ల కాడ మేం తీసుకోము."

"ఎవరు చెప్పారు నీకు?" అని అడిగాను.

"తెల్దు మేడం. నాకు పని నేర్పినాయన తిరపతిలో చేసొచ్చినాడు. ఆడంతా ఇట్లేనంట. ఎవురు పెట్టినారో ఆయనక్కూడా తెల్దు."

తలకొరివి నుంచి దినం దాకా కన్నీటి చుక్క రాల్చని తమ్ముడు లేచినవాడు లేచినట్టే మళ్లీ కూర్చుండిపోయాడు. నోటు పిడికిట్లో నలిగిపోయింది. భుజాలు ఊగిపోతున్నాయి. కుర్రవాడు కంగారుపడి, "ఏమయింది సార్? నీళ్లు తెమ్మంటారా?" అన్నాడు.

"ఏం లేదు నాయనా. కాసేపు కూర్చొని పోతాం" అన్నాను నేను.

"కూర్చోండి మేడం, ఎంతసేపన్నా కూర్చోండి" అని, అతను పోతూ పోతూ మా బల్ల మీది ఫ్యాను వేసి పోయాడు.