నల్లేరు పచ్చడి, ఎడమ చెయ్యి, హార్మోనియం

ఆ సాయంత్రం మా ముందుగదిలో ఉన్నవారు: కుర్చీలో అమ్మ, ఆమె ఒళ్లో దిండు, దిండు మీద పిండికట్టుతో ఎడమ చెయ్యి. సోఫాలో ముగ్గురు, ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురు, వెరసి మా చర్చి క్వయర్ ఆంటీలు ఆరుగురు. గుమ్మంలో పై పోర్షన్ ఆంటీ. వంటింటి తలుపుకు ఆనుకుని నాన్న. ఉన్న వస్తువులు: మేక కాళ్ల పాయా నింపిన స్టీలు డబ్బాలు ఐదు, ఎముకలు అతుకుతాయని పై పోర్షన్ ఆంటీ తెచ్చిన నల్లేరు కాడల కవరు ఒకటి, గోడవారగా గుడ్డ కప్పిన హార్మోనియం. నేను నిలబడే ఉన్నాను. కూర్చోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

అమ్మ బోయిన్‌పల్లి మార్కెట్లో క్యాబేజీ ఆకు మీద జారి పడింది. పడేటప్పుడు కుడిచేత్తో టమాటాల సంచి పైకెత్తి పట్టుకుని, ఎడమ చెయ్యి నేలకు ఆన్చింది. మణికట్టు విరిగింది. ఒక్క టమాటా కూడా చితకలేదు. ఎక్స్‌రే తీసే చోట కూడా ఆ సంచి ఎవరికీ ఇవ్వలేదు.

ఆ హార్మోనియం చర్చిది. వారమంతా మౌలాలిలో మా ఇంట్లో ఉంటుంది, ఆదివారం పొద్దున నా స్కూటర్ మీద ఆరాధనకు వెళ్తుంది. నేను పుట్టకముందు నుంచీ దాన్ని వాయించేది అమ్మే. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి వెనక గాలి కొట్టే తిత్తి మీద. ఇప్పుడు కుడిచెయ్యి బాగానే ఉంది, గాలే లేదు.

ఆంటీలు ప్రార్థన చేశారు. ఐదు డబ్బాలూ ఐదుగురివి. ఆరో ఆంటీ పాయా తేలేదు కానీ ప్రార్థన అందరికంటే పొడుగ్గా చేసింది. ఆమెన్ అయ్యాక వైద్యం మొదలైంది. మేక కాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉడకాలని ఒకరు, రాగిజావ అని ఒకరు, నువ్వులుండలు అని ఒకరు, మునగాకు అని ఒకరు. కట్టు విప్పేసి నూనెతో మర్దన చేయించుకుంటే ఇంతకంటే తొందరగా తగ్గుతుందని ఇంకొకరు. చివరగా క్వయర్‌ను నడిపించే పెద్దాంటీ లేచి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు రెస్ట్ తీసుకో చెల్లీ. కోత పండుగ ఆదివారానికి మా అబ్బాయి కీబోర్డు వాయిస్తాడు. బాగుంటే ఇంక దాన్నే ఉంచేద్దామని కమిటీలో అనుకుంటున్నారు. ఈ పాత పెట్టెతో నీకూ బరువే కదా."

అమ్మ నవ్వి, అలాగే అక్కా అంది. ఆంటీలు వెళ్లాక హార్మోనియం మీది గుడ్డ తీసి, మళ్లీ సరిగ్గా కప్పింది. గుడ్డ అంతకుముందు కూడా సరిగ్గానే ఉంది.

నేను మెకానికల్ ఇంజనీరును. ఎవరేం చెప్పినా ముందు వర్గీకరిస్తాను. ఈ సలహాలన్నీ డాక్టరు ముందు చదివాను. అవి మూడు రకాలుగా తేలాయి. డాక్టరు తలూపినవి, తనుగా చేర్చినవి కలిపి: గుడ్లు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, పొద్దుటి ఎండ, కంటినిండా నిద్ర, కట్టు బయట ఉన్న వేళ్లు కదుపుతూ ఉండటం. నవ్వినవి: పాయా, నల్లేరు; పాయా రుచికి తినండి అన్నారు, నల్లేరు పచ్చడిగా తింటే తినండి కానీ మందులా మింగొద్దన్నారు. కళ్లజోడు తీసి నావైపు చూసినది: మర్దన. అతుక్కునే పని ఎముకే చేసుకుంటుందట, మనం దానికి తిండి పెట్టి, కదిలించకుండా ఉంటే చాలట.

వేళ్లు కదపమన్న మాట ఒక్కటి అమ్మకు నచ్చింది. ఆ రోజు నుంచి ఎడమచేతి వేళ్లతో దిండు మీద కీర్తనలు వాయించడం మొదలుపెట్టింది. చప్పుడు లేని సంగీతం. ఏ కీర్తనో నాన్న కనుక్కునేవాడు, సగంసార్లు తప్పు చెప్పేవాడు.

వంట నాన్న చేతికి వచ్చింది. నాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. అప్పటిదాకా ఆయన స్టవ్ మీద పెట్టినది కాఫీ ఒక్కటే. నల్లేరు ఇస్తూ పై పోర్షన్ ఆంటీ స్పష్టంగానే చెప్పింది.

"లేత కొసలే తీస్కోవాలె అన్నా. నార తియ్యాలె, నూనెల మంచిగ ఏంచాలె, చింతపండు జెర ఎక్కువనే ఎయ్యాలె. లేకుంటె గొంతు పరేషాన్ అయితది."

నాన్న తలూపాడు. తలూపిన తర్వాత సొంతంగా ఆలోచించాడు. ఎక్కువ వేయిస్తే మొక్కలో సత్తువ పోతుందనీ, చింతపండు ఎముకలకు మంచిది కాదనీ తీర్మానించాడు. శుక్రవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గిన్నెడు పచ్చడి సిద్ధంగా ఉంది, ముదురు ఆకుపచ్చగా, వర్క్‌షాపు గ్రీజు కంటే కొంచెం పలచగా.

అమ్మ ఒక ముద్ద తింది. కాసేపు గోడవైపు చూసింది. నాన్న గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మొదటి పచ్చడి అది.

"బాగుందండీ," అంది అమ్మ.

తర్వాత మంచినీళ్లు అడిగింది. ఆపైన మజ్జిగ, ఆపైన బెల్లం. అవి నేనే తెచ్చిచ్చాను.

మా ఇళ్లలో ఎవరి డబ్బా అయినా ఖాళీగా తిరిగి పంపడం ఉండదు. పంచదారైనా, నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపాలి. పాయా డబ్బాలు ఐదూ కడిగి బోర్లించి ఉన్నాయి. అమ్మ మెప్పుతో ఉత్సాహం వచ్చిన నాన్న, మేమిద్దరం లోపలి గదిలో ఉండగా, ఐదింటిలోనూ తలా కొంచెం పచ్చడి వేసి స్వయంగా ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చాడు. ఎవరికి అవసరమో ఏమో, ఎముకలు అందరికీ ఉంటాయిగా అన్నాడు.

శనివారం సాయంత్రం కోత పండుగ ప్రాక్టీసు. వినడానికైనా వస్తానంది అమ్మ. నేను హార్మోనియం కూడా స్కూటర్ మీద పెట్టాను. అమ్మ దాని మీది గుడ్డ సర్దింది.

కీబోర్డు బాగానే ఉంది. అందులో డ్రమ్ములు కూడా వాటంతట అవే మోగుతున్నాయి. పాటే రాలేదు. పెద్దాంటీ గొంతు సవరించుకుంది, పక్కావిడ దగ్గింది, సోప్రానో ఆంటీ నోరు తెరిస్తే తలుపు కీలు మోగినట్టయింది. వాతావరణం అన్నారు, దుమ్మన్నారు, మెట్రో పనులన్నారు. ఆరో ఆంటీ గొంతు మాత్రం గంటలా ఉంది. నేను తేడా ఏమిటా అని వెతికాను. ఆమె పాయా తేలేదు. కాబట్టి ఆమెకు డబ్బా తిరిగి వెళ్లలేదు.

నేను నాన్నవైపు చూశాను. నాన్న అప్పటికే లేచి నిలబడ్డాడు. వేయించకపోవడం నుంచి చింతపండు దాకా అన్నీ ఒప్పుకున్నాడు. పెద్దాంటీ గొంతు పట్టుకుని ఆయనవైపు తిరిగింది.

"బ్రదర్, ఆమె ఎముక సంగతి దేవుడికే తెలియాలి. మా గొంతులు మాత్రం అతుక్కుపోయాయి."

అందరూ నవ్వబోయి దగ్గారు. అబ్బాయి కీబోర్డు శబ్దం తగ్గించి చూశాడు. ఎంత తగ్గించినా ఆ గొంతుల ముందు అది పెద్దదే. పెద్దాంటీ లెక్క వేసుకుంది. రేపటికి ఈ గొంతులు ఎంతో బాగుపడవు, వాటితోపాటు సన్నగా నడిచేది ఏదో కావాలి. ఆమె హార్మోనియం ఇంకా దించని నా స్కూటర్ వైపు చూసింది.

"తిత్తి ఎవరు కొడతారు?" అంది.

అమ్మ నన్ను చూపించింది. నేను ఎదురుగా కూర్చుని తిత్తి పట్టుకున్నాను, మనసులో తాళం పెట్టుకుని సమానమైన వ్యవధిలో కొట్టాను. రెండు చరణాలు గడిచాక అమ్మ మెట్ల మీద చెయ్యి ఆపేసింది.

"ఒరేయ్, అది రైలింజను కాదు. పాడేవాళ్లు ఊపిరి తీసుకున్నప్పుడు నువ్వూ తీసుకో. నా చెయ్యి చూడకు, వాళ్ల ముఖాలు చూడు."

చూశాను. ఆరుగురు ఆరు రకాలుగా ఊపిరి తీసుకుంటారు. అది నా చదువులో లేదు కానీ నేర్చుకోవచ్చు.

ఆదివారం గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరకు గడలు పేర్చిన బల్ల పక్కన అమ్మ వాయించింది, నేను గాలి కొట్టాను. ఆరో ఆంటీ నిండుగా పాడింది, మిగతావాళ్లు వెనకనుంచి వీలైనంత. ఆరాధన అయ్యాక పాస్టరుగారు, ఈసారి పాట ఎంత వినయంగా ఉందో అని మెచ్చుకున్నారు. ఐదుగురు ఆంటీలు తల వంచుకుని దగ్గారు.

కట్టు కోసిన రోజున ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికి కనిపించింది. నాన్న నల్లేరు వల్లే అన్నాడు. పెద్దాంటీ పాయా వల్ల, ఆరో ఆంటీ ప్రార్థన వల్ల అన్నారు. డాక్టరు ఎవరి పేరూ చెప్పలేదు, మణికట్టు మెల్లమెల్లగా వాడమన్నారు. తిత్తి కొట్టొచ్చా అని అమ్మ అడిగింది. నొప్పి లేనంతవరకు కొట్టండి, మంచి వ్యాయామమే అన్నారు.

ఇంట్లో ఇప్పుడు తనే కొట్టుకుంటుంది. చర్చిలో మాత్రం, చెయ్యి ఇంకా కొంచెం లాగుతోందంటూ నావైపు చూస్తుంది. కీబోర్డు యువజనుల కూటాలకు వెళ్లింది. పెద్దాంటీ ఎవరినీ అడక్కుండా అబ్బాయి చేత ఇంకో కుర్చీ వేయించింది.

హార్మోనియం దగ్గర ఇప్పుడు కుర్చీలు రెండు.