నాంపల్లి ధర

ఆ రోజుల్లో నాకు పదమూడేళ్లు. లోకంలో దేని విలువ ఎంతో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకునేదాన్ని (ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా తడబడతాను). నాన్న ఉద్యోగం వెంట గుంటూరు నుంచి వచ్చి, నాంపల్లి స్టేషను వెనక ఓ పాత పెద్దింట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. రైలు కూసినప్పుడల్లా నాకు ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపించేది; ఎక్కడికీ వెళ్లేవాళ్లం కాదు. పైగా ఇల్లు అమ్మేస్తున్నారన్న పుకారు నెలకోసారి పుట్టేది. అప్పుడల్లా అమ్మ ఇత్తడి సామాను అటక మీంచి దించడం, పుకారు చల్లారాక మళ్లీ ఎక్కించడం.

ఇంటి యజమానురాలిని అందరూ దొరసానమ్మ అనేవారు. ఒకప్పుడు బగ్గీలు నిలిపిన కొట్టాన్ని సైకిళ్ల షాపుకు కిరాయికిచ్చి, ముందు గదుల్లో ఆవిడ ఒక్కతే ఉండేది.

ఆ వేసవిలో మామయ్య మాకు ఇళ్లూ వీధులూ కొనుక్కునే బోర్డు ఆట తెచ్చాడు. అందులో అన్నీ బొంబాయి వీధులే. మనం చూడని ఊళ్లో ఇల్లెందుకని, కాగితం ముక్కలు అంటించి ఆబిడ్స్, సుల్తాన్ బజార్, హిమాయత్‌నగర్ అని రాసేశాను. ధరలూ నేనే పెట్టాను. అద్దాల షాపులున్నాయి కనక ఆబిడ్స్‌కు అన్నిటికన్నా ఎక్కువ. ఆరేసిన నా పరికిణీ మీద రోజూ రైలు మసి పడుతుంది కనక నాంపల్లికి అన్నిటికన్నా తక్కువ.

ఓ మధ్యాహ్నం వరండాలో నేనూ తమ్ముడూ ఆడుతుంటే దొరసానమ్మ వచ్చి వంగి చూసింది. “నాంపల్లి గింత సస్తానా? ఎవరు పెట్టిన్రు గీ ధర?”

“నేనేనండీ.”

“జర జరుగు,” అని తానూ ఆటకు కూర్చుంది. కూర్చోగానే నాంపల్లి కొంది; ఆ తర్వాత మరేదీ కొనలేదు. తమ్ముడు ఆవిడ గడిలో పడి కిరాయి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “ఇంటికొచ్చినోళ్ల కాడ పైసలేంది బిడ్డా, ఉంచుకో.” అలా అయితే ఆట ఎలా సాగుతుందని నేను గింజుకున్నాను. నా ఆబిడ్స్‌లో ఆవిడ పడినప్పుడు మాత్రం అణా పైసలతో సహా వసూలు చేశాను. కాసేపటికి ఆవిడ చేతిలో నోట్లు అయిపోయాయి. “ఇక నాంపల్లి అమ్మేయాలండీ, అది రూలు,” అన్నాను. “రూలుంటె ఉండనీ. నేను అమ్మను,” అంది.

అప్పుడే గేటు తీసుకుని దలాలు వచ్చాడు. ఎవరో లాడ్జి కట్టేవాళ్ల తరఫున అంతకుముందూ తిరిగినవాడే. “ఏమనుకున్నరు దొరసానీ? గీ పాతింటికి గింతకంటె ఎక్కువ ఎవ్వరియ్యరు.” గుమ్మంలో నిలబడ్డ అమ్మ కళ్లు అటక మీదికి పోయాయి. దొరసానమ్మ నా చేతిలోని పెన్సిలు తీసుకుని, నాంపల్లి ధర కొట్టేసి, ఆబిడ్స్‌కు రెట్టింపు రాసి, బోర్డు అతనివైపు తిప్పింది. “గిదీ ధర. ఇచ్చేటట్టుంటె కూసో. లేకుంటె చాయ్ తాగి పో.” అతను బోర్డును చూశాడు, నన్ను చూశాడు, చాయ్ తాగి పోయాడు.

బతికిపోయామని అమ్మ ఊపిరి పీల్చుకుంటే, నేను ఊరుకోవచ్చు కదా. “ఆట మధ్యలో ధర మార్చకూడదండీ,” అన్నాను.

“ఔ బిడ్డా, మార్చొద్దు,” అంది ఆవిడ మెల్లగా. “గాని అందరు గట్లనే మారుస్తున్నరు.”

రెండేళ్లు తిరక్కుండానే ఇల్లు అమ్ముడైంది, దలాలు చెప్పినదానికన్నా తక్కువకే. ఆవిడ హిమాయత్‌నగర్‌లో చెల్లెలింటికి వెళ్లింది. మేం చిక్కడపల్లి చేరాం.

నా పెళ్లికి మగపెళ్లివారి విడిది, స్టేషనుకు దగ్గరని, ఆ పాతింటి స్థలంలో లేచిన లాడ్జిలోనే ఏర్పాటు చేశారు. మర్నాడు అత్తారింటికి వెళ్లే రైలుకింకా వేళ కాలేదు. కొత్త చీరలో కుదురుగా కూర్చోలేక ఆ వసారా అంతా తిరుగుతూ, గోడలు చూస్తూ, తొంగిచూస్తూ ఉంటే అత్తగారు, “ఏం వెతుకుతున్నావమ్మాయ్?” అన్నారు.

“ఇక్కడ వంటిల్లు ఉండాలండీ,” అన్నాను నోరు జారి.

ఆవిడ తమవాళ్లవైపు గర్వంగా తిరిగి, “చూశారా, అప్పుడే వంటిల్లు వెతుక్కుంటోంది,” అన్నారు. అందరూ మురిసిపోయారు. కళ్లు చెమర్చినా నేనూ తలొంచుకుని నవ్వేశాను. ఆ పెళ్లికూతుర్ని తలుచుకుంటే ఇప్పటికీ జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ మంచిపేరు నేను మొదటిసారి ఉప్మా చేసేదాకా నిలిచింది.