ఉపగ్రహాల లెక్క చూసిన మా సైన్సు మిస్

మా సైన్సు మిస్ పోయారన్న కబురు నాకు రైల్లో తెలిసింది. పొద్దున్నే బెంగళూరు పోయే రైలు బంగారుపేట దాటి మాలూరు దగ్గరికి వస్తోంది. మా బడిలో చదివినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక్క ముక్క పెట్టారు: "సైన్సు మిస్ ఇంగ లేరు." చదివాను. ఫోను ఒళ్ళో పెట్టుకుని, టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను. అంటే ఆ మాట నా బుర్రలోకి వెళ్ళనే లేదన్నమాట. ఎలా వెళుతుంది? ముందు రోజు సాయంత్రమే కదా ఆమె నన్ను గడప దగ్గర నిలబెట్టి తిట్టారు.

"రేపు ఒక్క దినం ఆఫీసుకు ఒళ్ళు బాగలేదని చెప్పలేవా అమ్మా? నీ ఆఫీసు యాడికీ పోదు. పైన పోయేదే మనకోసం నిలబడదు" అన్నారు. మధ్యాహ్నానికల్లా వెనక్కి వచ్చేస్తానని ఒప్పుకున్నాక గానీ నా చెయ్యి వదల్లేదు. ఆ పట్టు గట్టిగా ఉంది. పోయే మనిషి పట్టు అలా ఉంటుందా?

ఆమె తమ్ముడికి ఫోన్ చేశాను. ఆయనా పెద్దాయనే, అక్కతోనే ఉంటారు. "కాఫీ పెట్టిచ్చిందమ్మా. గడప మీద కూర్చునింది. నేను సందు చివరికి పోయి పేపరు తెచ్చినాను. వచ్చి చూస్తే అట్లే కూర్చోని ఉండాది. పిలిస్తే పలకలా" అన్నారు. నేను మాలూరులో దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీదికి పోయి, వెనక్కి వచ్చే రైలు కోసం నిలబడ్డాను. చుట్టూ జనం రోజూలాగే ఆఫీసులకు పరుగెత్తుతున్నారు. వాళ్ళందరి మీదా నాకు కోపం వచ్చింది. ఎందుకో నన్నడక్కండి.

మీలో చాలామందికి ఆమె ఎవరో తెలియదు కాబట్టి చెబుతాను. మా ఊరు కె.జి.ఎఫ్.లో, అంటే కోలారు బంగారు గనుల్లో, గని నడుస్తున్న రోజుల నుంచీ ఆమె ఒక బడిలో సైన్సు చెప్పారు. మా ఊళ్ళో టీచరమ్మని మిస్ అనే అంటాం, ఆమె తలంతా నెరిసినా సరే, మన పిల్లలు పెద్దవాళ్ళైపోయినా సరే. రిటైరయ్యాక ఆమె పెట్టుకున్న పని ఒక్కటే. శ్రీహరికోట నుంచి గానీ, ప్రపంచంలో ఇంకెక్కడి నుంచి గానీ రాకెట్ లేస్తే, అది పైన ఏమేమి వదిలిందో, ఒక్కొక్కటి ఎంత ఎత్తులో తిరుగుతోందో, నెలనెలా ఎంత కిందికి జారుతోందో, చివరికి ఎప్పుడు గాలిలో కాలిపోయిందో చూడడం. ఈ వివరాలన్నీ ఇంటర్నెట్టులో ఎవరికైనా దొరుకుతాయి. దొరికినంత మాత్రాన ఎవరు చూస్తారు?

రాకెట్ లేచిన రోజు టీవీలో చప్పట్లు చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "అందరూ పెండ్లికి పోయి భోజనం చేసి వచ్చేసేవాళ్ళే. కాపురం ఎవరప్పా చూసేది?" అనేవారు.

ఆమె హాల్లో ఏసుప్రభువు పటం పక్కన ఒక చెక్క పలక, దాని నిండా వరసగా మేకులు ఉండేవి. గనిలో పనిచేసిన ఇళ్ళవాళ్ళకు ఆ పలక ఏమిటో చెప్పక్కర్లేదు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషీ టైమ్ ఆఫీసులో మేకు మీదినుంచి తన ఇత్తడి బిళ్ళ తీసుకుని గనిలోకి దిగాలి. పైకి వచ్చాక ఆ మేకుకే తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపల ఉన్నాడని అర్థం. మిస్ నాన్న ఆ టైమ్ ఆఫీసులో గుమాస్తా. అదే పద్ధతిని ఆమె ఆకాశానికి పెట్టారు. ఒక్కొక్క ఉపగ్రహానికీ ఒక అట్టముక్క. అది పైన తిరుగుతున్నంత కాలం మేకు ఖాళీ. కాలి రాలిపోయిందని రూఢి అయిన రోజున అట్టముక్క తగిలించి, చేతులు కడుక్కుని, కాఫీ తాగేవారు.

సాయంత్రం పొద్దు వాలి, ఆకాశంలో ఇంకా వెలుగు మిగిలి ఉన్నప్పుడు కొన్ని ఉపగ్రహాలు చుక్కల్లా కంటికి కనిపిస్తాయి. అలాంటి రోజు మిస్ బడికి పోయేటప్పటిలా ఇస్త్రీ చీర కట్టుకుని, కాళ్ళకు చెప్పులేసుకుని సందులోకి వచ్చేవారు. ఎందుకు మిస్ ఇంత తయారవడం అని నేనొకసారి అడిగాను. "మన ఇంటి మీదుగా పోతా ఉండారు కదా. నైటీలో నిలబడి చూస్తామా?" అన్నారు. ఒక రాకెట్ తాలూకు ఖాళీ డొల్ల ఏళ్ళ తరబడి పైన పిల్లిమొగ్గలేస్తూ తిరుగుతుండేది. అది వెలుగుతూ ఆరుతూ పోతుంటే, వెనక బెంచీ పిల్లాణ్ణి చూసినట్టు చూసి, "వీడికి నిలకడ లేదు. బడి మారినా గుణం మారలా" అనేవారు. సందులో పిల్లలకే కాదు, ఇడ్లీపిండి అమ్మే ఆమెకు కూడా ఆ డొల్ల తెలుసు.

ఎప్పుడూ ఒక కథ చెప్పేవారు. ఆమె చిన్నప్పుడు ఒకసారి షిఫ్టు ముగిసినా ఒక మేకు ఖాళీగా ఉండిపోయిందట. సైరన్ వేశారు, మనుషులను వెతకడానికి దింపారు, ఆ ఇంటిముందు ఏడుపులు మొదలయ్యాయి. సాయంత్రానికి ఆ మనిషి చేతిలో అరటిపళ్ళ అత్తంతో తాపీగా నడిచి వచ్చాడు. తను దిగిన షాఫ్టులో, అంటే గనిలోకి దిగే నిలువు బావిలో, మనుషులను ఎక్కించి దించే బోను చెడిపోతే లోపల్లోపలే నడుచుకుంటూ ఇంకో షాఫ్టులో పైకొచ్చి, అక్కడికి దగ్గరే కదా అని ఆండర్సన్‌పేటలో బావమరిది ఇంటికి పోయాడట. బిళ్ళ జేబులోనే ఉంది. పెళ్ళాం అతణ్ణి చూసి ముందు కొట్టింది, తర్వాత ఏడ్చింది. ఆ రోజు మిస్ నాన్న ఇంటికి వచ్చి అన్న మాట ఆమె జీవితమంతా అంటూనే ఉన్నారు. "యాడ దిగినాడో ఆడనే ఎక్కుతాడని ఎవరు చెప్పినారు? పక్క షాఫ్టులో కూడా చూసి ఏడవండప్పా."

ఆ మాట ఆమె ఆఖరుసారి అన్నది పక్కనే ఉన్న బేతమంగళ ఊరి పిల్ల ఒకతెతో. ఆ అమ్మాయి కోలారులో ఇంజనీరింగు ఆఖరు సంవత్సరం చదువుతోంది, వాళ్ళమ్మ కూడా మిస్ దగ్గర చదువుకున్నదే. వాళ్ళ కాలేజీ పిల్లలు కొన్నేళ్ళుగా, ఒక బ్యాచి తర్వాత ఒక బ్యాచి, టిఫిన్ క్యారియర్ గిన్నెంత ఉపగ్రహం ఒకటి తయారుచేశారు. ఒకే రాకెట్లో చాలా ఉపగ్రహాలతో పాటు అది కూడా పైకి వెళ్ళింది. వెళ్ళిన కొత్తలో ఎక్కడో పరదేశంలో ఒకాయన దాని పిలుపు ఒక్కసారి విన్నానన్నాడు. ఆ తర్వాత నెలల తరబడి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ వారాంతానికి వినబడకపోతే రిసీవర్ గదికి తాళం వేసి, జూనియర్లు మొదలుపెట్టిన రెండో ఉపగ్రహాన్ని ఆపేస్తామని కాలేజీవాళ్ళు చెప్పేశారు. మిస్ పోయే ముందు రోజు ఆ పిల్ల బస్సెక్కి మిస్ ఇంటికొచ్చి, హాల్లో కుర్చీ అంచున కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

మిస్ ఓదార్చలేదు. ఓదార్చడం ఆమెకు చేతకాదు. కళ్ళజోడు పెట్టుకుని ఆ రాకెట్లో వెళ్ళినవాటి పుట్టుపూర్వోత్తరాలన్నీ లాప్‌టాప్‌లో తిరగేశారు. చాలాసేపటికి తలెత్తి, "జాబితాలో మీ పేరు రాసినది మీది కాదనుకుంటా" అన్నారు.

"అదెట్లా మిస్? అందరూ అదే చూస్తారు" అంది ఆ పిల్ల.

"గుంపుగా వదిలితే ఏది ఎవరిదో మొదట్లో ఎవరికీ తెలీదమ్మా. ఎవరో ఒకరు పేర్లు అంటిస్తారు. మీ పేరు అంటించినది చూడు, ఇన్ని నెలలైనా కిందికి జారనే లేదు. అది బరువైనది. మీది తేలిక డబ్బా, పైన ఉండే కాస్త గాలికే జారిపోవాల. జారినది తొందరగా తిరుగుతాది, ముందుకు పోతాది. ఇదో, దీనికి ముందు పోతా ఉండేది ఒకటుంది, పేరు లేనిది. మీరు బస్సు పోయినాక స్టాపుకు పోయి నిలబడతా ఉండారు."

ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసింది. "మీదేనని నేను చెప్పలా. వినండి అంటా ఉండాను. వినకుండా ఊరికే సుమ్నే ఏడవద్దండి, పక్క షాఫ్టులో కూడా చూడండి" అన్నారు మిస్. ఆ పేరులేనిది మరుసటి రోజు సాయంత్రం సరిగ్గా మా నెత్తి మీదుగా పోతుందని, ఆ వారంలో మళ్ళీ అంత దగ్గరికి రాదని లెక్క తీశారు. ఊరి బయట సమాధుల తోట పక్కన మిట్ట మీద నిలబడితే నాలుగు దిక్కులా ఆకాశం అడ్డులేకుండా కనిపిస్తుందని, అక్కడ తనకో కుర్చీ వేయమని కూడా చెప్పారు. నన్ను ఆఫీసు మానమని తిట్టింది ఆ కుర్చీ మొయ్యడానికే.

మిస్ పోయింది ఆ సాయంత్రం రాకముందే, అదే రోజు పొద్దున. నాకు ఈ రెండు రోజులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఇప్పటికీ తల తిరుగుతుంది. ఇంట్లోకి వెళ్ళేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. ఇస్త్రీ చీర ఒకటి కుర్చీ మీద మడతపెట్టి ఉంది, సాయంత్రానికని ఆమే తీసి పెట్టుకున్నది. దాన్నే కట్టారు. నాకు ఏడుపు రాలేదు. ఎవరో పెద్ద అబద్ధం చెబుతుంటే మర్యాదకు తలూపుతున్నట్టుగా నిలబడ్డాను.

"ఐసు పెట్టెలో పెట్టొద్దని ఎన్నోసార్లు చెప్పింది. ఈ దినమే చేసేస్తాం" అన్నారు ఆమె తమ్ముడు. పాస్టరుగారు సాయంత్రానికి సమయం పెట్టారు.

ఊరేగింపు సమాధుల తోట చేరేసరికి గేటు దగ్గర బేతమంగళ పిల్ల నిలబడి ఉంది. ఒక చేతిలో పూలదండ. ఇంకో చేతిలో ఆంటెనా, అంటే ప్లాస్టిక్ పైపుకు కొలత టేపు ముక్కలు కత్తిరించి అడ్డంగా బిగించిన కర్ర. దాన్ని వీపు వెనక దాచడానికి చూస్తోంది, అది దాగేంత చిన్నది కాదు. నన్ను చూసి, "తేవాలని తేలేదక్కా. బ్యాగుతో పాటు చేతికొచ్చేసింది. నేను లోపలికే వస్తాను" అంది. మిస్ చెప్పిన సమయం ఎప్పుడో నాకు తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. పెట్టెను గుంటలోకి దించే వేళా అదే.

చావు దగ్గర రేడియో పెట్టమని ఎవరు చెబుతారు? అలాగని ఇంటికి పొమ్మని కూడా నా నోటితో అనలేకపోయాను. మిస్ తమ్ముడు పెట్టె వెంట నడుస్తూ మమ్మల్ని చూసి ఆగారు. ఆంటెనా వంక చూశారు. ఆ పిల్ల చేతిలోని దండ తను తీసుకున్నారు.

"నువ్వు మిట్టెక్కమ్మా. మన్ను మేమేస్తాం" అన్నారు.

ఆ పిల్ల మిట్టెక్కి, బ్యాగులోంచి చిన్న రేడియో తీసి ఆంటెనాకు తగిలించింది. కింద పాస్టరుగారు వాక్యం చదివారు, పెట్టె దించారు. తమ్ముడు మొదటి గుప్పెడు మన్ను వేశారు. పెట్టె మీద అది పడ్డ చప్పుడు వినబడింది. అప్పుడు తెలిసింది నాకు, నిజంగానే పోయారని. పొద్దుటి నుంచీ రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. గుప్పిట్లో మన్ను పట్టుకుని నిలబడ్డాను, వెయ్యడానికి చెయ్యి రాలేదు.

మిట్ట మీది చిన్న రేడియోలోంచి గరగరమంటూ వట్టి హోరు వస్తోంది. పాస్టరుగారికి కూడా వినబడుతోంది, ఆయన పుస్తకంలో పేజీ తిప్పారు. ఆ పిల్ల ఆంటెనాను దక్షిణం దిక్కుకు చాచి, అంగుళం అంగుళం పైకెత్తుతోంది. అక్కడ కంటికి ఏమీ కనబడడం లేదు, ఇంకా పూర్తిగా పొద్దు కుంకలేదు. హోరు, హోరు, హోరు. నేను కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు ఆ హోరులోంచి సన్నగా, పిట్ట పిలిచినట్టు, ఒక కూత. ఆగింది. మళ్ళీ వచ్చింది. అదే ఎడం, అదే వరస, ఆ డబ్బా పలకడానికి వాళ్ళ కాలేజీ పిల్లలు తమ చేత్తో రాసిపెట్టిన వరస. ఆ పిల్ల కేక వేయలేదు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, ఆంటెనా కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. కూత స్పష్టమయ్యేకొద్దీ ఆంటెనా కొస నిలువుగా లేచి, మిట్ట దాటి, మా నెత్తి మీదికి వచ్చింది.

పాస్టరుగారు పుస్తకం మూసి పైకి చూశారు. మిస్ తమ్ముడు చూశారు. గుప్పిళ్ళలో మన్నుతో గుంట చుట్టూ నిలబడ్డ మాలో ఒక్కరమూ గుంటలోకి చూడడం లేదు. ఏమీ కనిపించని ఆ ఆకాశంలో, కొలత టేపు ముక్కల కొస ఎటు జరిగితే అటు, అందరం నెమ్మదిగా మెడలు తిప్పుతున్నాం. అది ఉత్తరానికి వాలుతూ పోయింది. కూత బొంగురుపోయి, పలచబడి, హోరులో కలిసిపోయింది. ఆ పిల్ల మాత్రం ఆంటెనాను ఉత్తరానికి చాచి అలాగే పట్టుకుని ఉంది, దించలేదు.